దివాన్ పూర్ణయ్య

పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రప్రదేశ్ ఉంది. మడకశిరకు మూడు వైపులా కర్ణాటక ఉంది. కోలారు, ముళబాగిలు, బాగేపల్లి ప్రాంతాల పల్లెల్లో తెలుగు మాట నేటికీ వినిపిస్తుంది. ఆ ఊళ్లు కర్ణాటకలో ఉన్నాయి. తెలుగువారు ఎందరో నివసించే హోసూరు తమిళనాడులో ఉంది. మదనపల్లె, హిందూపురం ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. ఒకప్పుడు ఈ ఊళ్లన్నీ శ్రీరంగపట్నానికే శిస్తు చెల్లించాయి. తరువాత ఇవి మూడు చోట్లకు చెదిరిపోయాయి. పద్దెనిమిదో శతాబ్ది చివర జరిగిన యుద్ధాలు, వాటి తరువాత గెలిచినవారు చేసుకొన్న పంపకాలు దీనికి ముఖ్య కారణం. ఆ పంపకాలు జరిగినప్పుడు ఓడిన పక్షంలో ఉండి, ఆ పైన మిగిలిన రాజ్యాన్ని పన్నెండేళ్లు నడిపిన మంత్రి దివాన్ పూర్ణయ్య.

పూర్ణయ్య 1746లో తమిళ దేశంలో ఒక మాధ్వ బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. చిన్నతనంలోనే తండ్రి చనిపోయాడు. ఇల్లు గడవడం కష్టమయింది. పూర్ణయ్య ఒక వర్తకుని అంగడిలో లెక్కలు రాసే పనిలో చేరాడు. ఆ వర్తకుడు శ్రీరంగపట్నం కొలువుకు సరుకులు పంపేవాడు. సరుకులతో పాటు లెక్కల చిట్టాలు కూడా కొలువుకు వెళ్లేవి. చక్కని దస్తూరి, తప్పులేని కూడికలు, ఎప్పటి పద్దునైనా గుర్తుంచుకొని చెప్పగల జ్ఞాపకశక్తి ఆ కుర్రవానికి పేరు తెచ్చాయి. ఆ పేరే అతనికి హైదర్ అలీ కొలువులో ఉద్యోగం ఇప్పించింది.

హైదర్ అలీ చదువుకోలేదు. కానీ ఎవరికి ఏ పని వచ్చునో కనిపెట్టగల నేర్పు ఆయనకు ఉండేది. పూర్ణయ్యకు కన్నడం, మరాఠీ, పర్షియన్ మొదలైన భాషలు వచ్చు. ఆ రోజులలో రాజ్యాల మధ్య ఉత్తరాలు పర్షియన్‌లో నడిచేవి. గ్రామాల లెక్కలు కన్నడంలో ఉండేవి. రెండూ చదవగలవాడు రాజుకు కుడిచేయి వంటివాడు. కొద్ది ఏళ్లలోనే పూర్ణయ్య రాజ్యపు ఆదాయవ్యయాలు చూసే ముఖ్యాధికారులలో ఒకడయ్యాడు. సైన్యం ఎటు కదిలినా దాని జీతబత్యాలు, ధాన్యం, ఎడ్లు, మందుగుండు లెక్కలు ఆయన చేతిమీదుగా సాగేవి.

ఆయన బుద్ధికుశలతకు గట్టి పరీక్ష 1782లో వచ్చింది. అప్పుడు ఇంగ్లీషు ఈస్ట్ ఇండియా కంపెనీతో రెండవ మైసూరు యుద్ధం జరుగుతున్నది. హైదర్ అలీ చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో విడిది చేసి ఉన్నాడు. వీపు మీద లేచిన రాచపుండు ముదిరి, 1782 డిసెంబర్ 7న ఆయన మరణించాడు. పెద్ద కుమారుడు టిప్పు అప్పుడు ఎంతో దూరాన మలబారు తీరంలో ఉన్నాడు. రాజు మరణవార్త బయటపడితే సైన్యం చెదిరిపోతుంది. శత్రువు మీద పడతాడు. సింహాసనం కోసం లోపలివారే కత్తులు దూస్తారు.

ఆ సమయంలో పూర్ణయ్య, కోశాధికారి కృష్ణారావు కలిసి ఆ వార్తను బయటికి పొక్కనివ్వలేదు. హైదర్ భౌతికకాయాన్ని పెట్టెలో ఉంచి, ఖజానా పెట్టె పంపుతున్నట్లుగా కావలి నడుమ కోలారుకు పంపారు. రాజు జబ్బుతో ఉన్నాడన్న మాటే విడిదిలో ప్రచారంలో ఉంచారు. రోజువారీ ఉత్తర్వులు యథాప్రకారం వెలువడ్డాయి. సైనికుల జీతాలు ఆగలేదు. వేగులవాళ్లు టిప్పు వద్దకు పరుగెత్తారు. హైదర్ చిన్న కుమారుని గద్దె నెక్కించాలని కొందరు చేసిన ప్రయత్నం బయటపడి విఫలమయింది. టిప్పు వచ్చి చేరేసరికి సైన్యం చెదరకుండా ఉంది. ఖజానా భద్రంగా ఉంది. ఒక రాజ్యం ఒక చేతినుంచి మరొక చేతికి అంత ప్రశాంతంగా మారడం ఆ కాలంలో అరుదు. హైదర్ సమాధి తరువాత శ్రీరంగపట్నంలో వెలిసింది. ఆయన తండ్రి సమాధి నేటికీ కోలారులో ఉంది.

ఆ యుద్ధం 1784 మార్చి 11న మంగళూరు సంధితో ముగిసింది. ఎవరు గెలుచుకొన్న ప్రాంతాలు వారు తిరిగి ఇచ్చివేయాలని ఆ సంధిలో ఒప్పుకొన్నారు. సరిహద్దులు దాదాపు పూర్వం ఉన్నచోటికే వచ్చాయి. పూర్ణయ్య తన జీవితంలో మూడు పెద్ద సంధులను చూశాడు. వాటిలో ఇరుపక్షాలు సమానంగా నిలిచి చేసుకొన్నది ఈ ఒక్కటే.

రెండవ సంధి నాటికి పరిస్థితులు మారిపోయాయి. 1789 చివర టిప్పు సుల్తాన్ తిరువాన్కూరు రాజ్యంపై దాడి చేశాడు. తిరువాన్కూరు కంపెనీకి మిత్రరాజ్యం. గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ దీనిని కారణంగా తీసుకొని మరాఠాలతోను, హైదరాబాద్ నిజాంతోను పొత్తు కుదుర్చుకొన్నాడు. మరాఠాలతో ఒప్పందం 1790 జూన్‌లో పుణెలో జరిగింది. నిజాంతో ఒప్పందం అదే ఏడాది జులైలో, నేటి తెలంగాణలోని పానగల్లు దగ్గర నిజాం విడిది చేసి ఉండగా జరిగింది. యుద్ధంలో గెలిచే భూములను ముగ్గురూ సమంగా పంచుకోవాలని ఈ ఒప్పందాలలో ముందే రాసుకొన్నారు. గెలవకముందే పంపకం నిర్ణయమయిందన్న మాట.

1791లో యుద్ధం బెంగళూరు గడప తొక్కింది. మార్చి 7న కంపెనీ సేనలు బెంగళూరు పేటలో ప్రవేశించాయి. మార్చి 21 రాత్రి కోట గోడకు గండి కొట్టి లోపలికి చొరబడ్డాయి. కోటకు కిల్లేదారైన బహదూర్ ఖాన్ వృద్ధుడు. ఆయన చివరివరకు పోరాడి ప్రాణాలు విడిచాడు. బెంగళూరు చేతికి చిక్కడంతో శ్రీరంగపట్నానికి దారి తెరుచుకొంది. అదే ఏడాది కృష్ణారావుపై కుట్ర అనుమానం వచ్చింది. హైదర్ మరణాన్ని దాచినప్పుడు పూర్ణయ్యకు తోడు నిలిచిన ఆ కృష్ణారావు ఆ అనుమానానికి బలై ప్రాణాలు పోగొట్టుకొన్నాడు. యుద్ధకాలంలో ఉన్నతోద్యోగం కత్తి అంచు మీద నడకతో సమానమని పూర్ణయ్య కళ్లారా చూశాడు.

1792 ఫిబ్రవరిలో మూడు సైన్యాలు శ్రీరంగపట్నాన్ని చుట్టుముట్టాయి. టిప్పు సంధికి ఒప్పుకోక తప్పలేదు. కోట బయట డేరాలలో చర్చలు జరిగాయి. టిప్పు పక్షాన గులాం అలీ ఖాన్, అలీ రజా ఖాన్ అనే వకీళ్లు వచ్చారు. కంపెనీ తరఫున సర్ జాన్ కెన్నవే, నిజాం తరఫున మీర్ ఆలం, మరాఠాల తరఫున బచ్చాజీ పండితుడు కూర్చున్నారు. ముఖ్యమైన షరతులు మూడు. రాజ్యంలో సగం ఇవ్వాలి. యుద్ధ ఖర్చుల కింద మూడు కోట్ల ముప్పై లక్షల రూపాయలు చెల్లించాలి. ఆ సొమ్ము పూర్తిగా ముట్టేవరకు ఇద్దరు కుమారులను తాకట్టుగా పంపాలి.

సగం రాజ్యమంటే ఎంత? మైళ్లలో కొలుద్దామంటే ఆనాడు సరైన పటాలు లేవు. కొలిచినా, రాతి నేల ఒక మైలు, కావేరి పారే వరి నేల ఒక మైలు సమానం కావు. అందుచేత శిస్తు లెక్కలతో రాజ్యాన్ని విభజించారు. ఏ పరగణా ఏడాదికి ఎంత ఆదాయం ఇస్తుందో టిప్పు కొలువులోని చిట్టాలలో ఉంది. ఆ చిట్టాలు చర్చల డేరాలోకి వచ్చాయి. ఈ లెక్కల మీద రోజుల తరబడి వాదన సాగింది. ఒక పరగణాకు ఆదాయం తక్కువని రాస్తే, దానిని పుచ్చుకొనేవారికి మరొక పరగణా అదనంగా దక్కుతుంది. ఎక్కువని రాస్తే ఇచ్చేవారికి మేలు. చివరకు మొత్తం రాజ్యపు ఆదాయాన్ని సుమారు రెండు కోట్ల 37 లక్షల రూపాయలుగా నిర్ణయించారు. అందులో సగాన్ని మూడు భాగాలు చేయగా ఒక్కొక్కరికి ముప్పై తొమ్మిదిన్నర లక్షల ఆదాయం గల భూములు వచ్చాయి.

చర్చలు ఒక దశలో తెగిపోయేటట్లు కనిపించాయి. కొడగు రాజ్యాన్ని కూడా వదులుకోవాలని కారన్‌వాలిస్ పట్టుపట్టాడు. కొడగు శ్రీరంగపట్నానికి దగ్గర. అక్కడ శత్రువు కాలు మోపితే రాజధానికి వెనుక తలుపు తెరిచినట్లే. టిప్పుకు పట్టరాని కోపం వచ్చింది. అయితే అప్పటికే ఆయన కుమారులు ఇద్దరూ శత్రువుల విడిదిలో ఉన్నారు. పెద్దవాడు అబ్దుల్ ఖాలిక్‌కు సుమారు పదేళ్లు. చిన్నవాడు ముయిజుద్దీన్‌కు సుమారు ఎనిమిదేళ్లు. ఫిబ్రవరి 26న ఏనుగుల మీద వారిని కోటనుంచి సాగనంపారు. తండ్రి కోపాన్ని దిగమింగుకోవలసి వచ్చింది. మార్చి 18న సంధిపత్రం పూర్తయింది.

ఈ సంధితో కడప, గండికోట ప్రాంతాలు నిజాంకు పోయాయి. తుంగభద్ర వరకు ఉన్న భూములు మరాఠాలకు పోయాయి. మలబారు, దిండిగల్లు, కృష్ణగిరి చుట్టుపట్ల బారామహల్ కంపెనీకి పోయాయి. బెంగళూరు మాత్రం టిప్పుకు తిరిగి దక్కింది. ఆ కోట శత్రువును ఆపలేకపోయిందని ఆయన దాని గోడలను పడగొట్టించాడు.

పరిహారపు సొమ్ములో సగం వెంటనే చెల్లించాలి. మిగిలినది ఏడాదిలోగా మూడు వాయిదాలలో చెల్లించాలి. ఈ సొమ్ములో ఒక కోటి పది లక్షలు ఖజానా నుంచి, అరవై లక్షలు సైన్యం నుంచి, మిగిలిన ఒక కోటి అరవై లక్షలు ఉద్యోగులు, ప్రజల నుంచి రావాలని నిర్ణయించినట్లు మైసూరు చరిత్ర రాసిన విల్క్స్ పేర్కొన్నాడు. సగం రాజ్యం పోయి, ఉన్న సగమే ఇంత భారం మోయవలసి వచ్చింది. రాజు ఓడిపోతే రైతు కూడా ఎలా ఓడిపోతాడో ఆదాయ వ్యవహారాలు చూసే పూర్ణయ్య వంటివారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. సొమ్ము తీరిన తరువాత, 1794 మార్చిలో, మద్రాసులో ఉంచిన ఇద్దరు పిల్లలను తీసుకొని వచ్చి దేవనహళ్లిలో తండ్రికి అప్పగించారు. దేవనహళ్లి టిప్పు పుట్టిన ఊరు.

ఏడేళ్లకే మళ్లీ యుద్ధం వచ్చింది. 1799 మే 4న శ్రీరంగపట్నం కోట కూలింది. టిప్పు సుల్తాన్ కోట ద్వారం దగ్గర పోరాడుతూ మరణించాడు. పూర్ణయ్య అప్పటికి యాభై మూడేళ్లవాడు. దాదాపు జీవితమంతా సేవించిన వంశం ఒక్క పగటిలో పడిపోయింది. టిప్పు కుమారులు బందీలయ్యారు. సైనికులకు నాయకుడు లేడు. ఊళ్లలో పాలన లేదు. ఎక్కడికక్కడ పాళెగాళ్లు తలెత్తే సూచనలు ఉన్నాయి. జనరల్ హారిస్‌తో మాట్లాడినప్పుడు టిప్పు పెద్ద కుమారుడు ఫతే హైదర్‌ను గద్దె నెక్కించమని పూర్ణయ్య మొదట సూచించినట్లు చరిత్రకారులు చెబుతారు. ఆ సూచనను కంపెనీ అంగీకరించలేదు. ఓడించిన శత్రువు కుమారుడు మళ్లీ శత్రువే అవుతాడని గవర్నర్ జనరల్ భావించాడు.

అప్పటి గవర్నర్ జనరల్ లార్డ్ వెల్లస్లీ మద్రాసులో ఉండి ఈ విషయాలు నిర్ణయించాడు. రాజ్యాన్నంతా కంపెనీ, నిజాం పంచుకొంటే నిజాం బలం మితిమీరుతుంది. మరాఠాలకు కంటగింపు అవుతుంది. అందుచేత చుట్టూ ఉన్న భూములు తాము తీసుకొని, నడుమ ఒక చిన్న రాజ్యాన్ని మిగల్చాలని, హైదర్‌కు పూర్వం పాలించిన ఒడెయర్ వంశానికి దానిని అప్పగించాలని ఆయన నిశ్చయించాడు. ఆ వంశంలోని రాణి లక్ష్మమ్మణ్ణి ఎన్నో ఏళ్లుగా ఇందుకోసమే మద్రాసులోని ఇంగ్లీషువారితో రహస్యంగా సంప్రదింపులు జరుపుతూ వచ్చింది.

పని నడపడానికి అయిదుగురు కమిషనర్లను నియమించారు. హారిస్, ఆర్థర్ వెల్లస్లీ, హెన్రీ వెల్లస్లీ, కిర్క్‌పాట్రిక్, బారీ క్లోజ్ వారి పేర్లు. జాన్ మాల్కం, థామస్ మన్రో వారికి కార్యదర్శులు. ఈ మన్రోయే తరువాత రాయలసీమలో కలెక్టరుగా పేరుపొందాడు. మళ్లీ శిస్తు చిట్టాలు బల్లమీదికి వచ్చాయి. 1799 జూన్ 22న కంపెనీకి, నిజాంకు మధ్య మైసూరు విభజన సంధి జరిగింది. సంధికి నాలుగు పట్టికలు జతచేశారు. మొదటిది కంపెనీకి, రెండవది నిజాంకు, మూడవది మైసూరు రాజుకు, నాలుగవది మరాఠాలకు. ప్రతి పట్టికలోను తాలూకాల పేర్లు, వాటి ఎదుట ఆదాయం కంఠీరవ వరహాలలో రాసి ఉన్నాయి. టిప్పు కుటుంబపు పోషణ, ఒక సరదారు జాగీరు వంటి ఖర్చులు తీసివేయగా కంపెనీకి, నిజాంకు దాదాపు సమంగా, చెరి 5 లక్షల 37 వేల వరహాలు వచ్చాయి. మైసూరు రాజుకు సుమారు 13 లక్షల 74 వేల వరహాల ఆదాయం గల భూములు మిగిలాయి.

కన్నడ కోస్తా, కోయంబత్తూరు, వయనాడు, హోసూరు వైపు భూములు, శ్రీరంగపట్నం దీవి కంపెనీకి పోయాయి. గుత్తి, గుర్రంకొండ ప్రాంతాలు నిజాంకు పోయాయి. బెంగళూరు, కోలారు, పావగడ మైసూరు పట్టికలోకి వచ్చాయి. ఆ పట్టికలు రాసినవారు ఏ ఊరి ప్రజలు ఏ భాష మాట్లాడతారని అడగలేదు. వారు చూసినవి వరహాలు, కోటలు, కనుమదారులు. ఒకే కుటుంబంలోని అన్నదమ్ముల పొలాలు రెండు రాజ్యాలలో పడ్డ ఊళ్లు కూడా ఉండి ఉంటాయి. తమ రాజు మారిన సంగతి ఎందరో రైతులకు కొత్త శిస్తు వసూలుదారు వచ్చినప్పుడే తెలిసి ఉంటుంది.

నిజాంకు దక్కినవి కూడా ఆయన వద్ద నిలువలేదు. తన రాజ్యంలో ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చుల కింద 1800 అక్టోబర్‌లో నిజాం 1792, 1799 సంధులలో వచ్చిన భూములను కంపెనీకే ఇచ్చివేశాడు. అవే దత్త మండలాలు. బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు అందులో ఉన్నాయి. మన్రో వాటికి ప్రధాన కలెక్టరయ్యాడు. మరాఠాలు తమకు చూపిన వాటాను షరతుల కారణంగా తీసుకోలేదు. ఆ వాటాను కూడా కంపెనీ, నిజాం పంచుకొన్నారు.

1799 జూన్ 30న మైసూరులో అయిదేళ్ల బాలుడు మూడవ కృష్ణరాజ ఒడెయర్‌కు పట్టాభిషేకం జరిగింది. జులై 8న కంపెనీకి, మైసూరుకు మధ్య మరొక సంధి జరిగింది. బాలరాజు పక్షాన రాణులు, పూర్ణయ్య దానిని అంగీకరించారు. రాజ్య రక్షణకు కంపెనీ సైన్యం ఉంటుంది. అందుకు మైసూరు ఏటా ఏడు లక్షల స్టార్ వరహాలు చెల్లించాలి. ఇది రాజ్యపు ఆదాయంలో సగానికి మించిన మొత్తం. ఈ సొమ్ము చెల్లింపుకు ముప్పు వాటిల్లుతుందని తోస్తే రాజ్యపాలనను కంపెనీ తన చేతిలోకి తీసుకోవచ్చు. రాజ్యం చేతికి వచ్చింది గాని దాని మెడకు ఉచ్చు కూడా తగిలించారు.

ఆ రాజ్యానికి పూర్ణయ్యను దివానుగా నియమించారు. ఇక్కడే ఆయన జీవితంలోని కఠినమైన ప్రశ్న ఎదురవుతుంది. నిన్నటివరకు టిప్పు సుల్తాన్‌కు మంత్రి. నేడు టిప్పును ఓడించినవారి నీడలో మంత్రి. దీనిని కొందరు ద్రోహమన్నారు. మరికొందరు, రాజు పోయినా ప్రజలు పోలేదు గనుక వారిని చూసుకొనేవారు ఉండాలి గదా అన్నారు. చరిత్రకారులలో ఈ భేదాభిప్రాయం నేటికీ ఉంది. పూర్ణయ్య ఏ ఆలోచనతో ఒప్పుకొన్నాడో ఎవరూ నిశ్చయంగా చెప్పలేరు. ఒప్పుకొన్న తరువాత ఏం చేశాడో మాత్రం కనబడుతూనే ఉంది.

మొదట ఆయన నెమ్మదిని నెలకొల్పాడు. టిప్పు సైన్యం రద్దు కావడంతో వేలాదిమంది బతుకుతెరువు కోల్పోయారు. వారిలో కొందరిని కొత్త దళాలలో చేర్చుకొన్నాడు. పాళెగాళ్లను కొందరిని బలంతోను, మరికొందరిని ఉద్యోగాలతోను లొంగదీశాడు. శ్రీరంగపట్నం చెరసాలనుంచి బయటపడిన ధోండియా వాఘ్ సైన్యం కూడగట్టి ఉత్తరాన అలజడి లేపినప్పుడు, మైసూరు గుర్రపుదళాలు, సరఫరాలు కంపెనీ సేనకు తోడు వెళ్లాయి. 1800 సెప్టెంబర్‌లో ధోండియా యుద్ధంలో మరణించాడు.

తరువాత చెరువుల మీద దృష్టి పెట్టాడు. యుద్ధాలలో సైన్యాలు నడిచిన దారి పొడవునా కట్టలు తెగి, తూములు పూడి ఉన్నాయి. కట్టలు వేయించి, కాలువలు తీయించి, సాగును నిలబెట్టాడు. శ్రీరంగపట్నం దగ్గర కావేరి మీద రాతి స్తంభాలతో వంతెన కట్టించాడు. 1804లో పూర్తయిన ఆ వంతెనకు గవర్నర్ జనరల్ వెల్లస్లీ పేరు పెట్టారు. దానిని ఈ దేశపు పనివారు తమకు తెలిసిన పద్ధతిలో, నిలువు రాళ్ల మీద అడ్డురాళ్లు పరచి కట్టారు. బాటసారులకు సత్రాలు వెలిశాయి. మైసూరుకు కావేరి నీరు తేవాలని ఒక కాలువ తవ్వించ మొదలుపెట్టాడు గాని ఆ పని నెరవేరలేదు. దానికి పూర్ణయ్య నాలా అన్న పేరు మిగిలింది. బెంగళూరులో టిప్పు పడగొట్టించిన కోట గోడలను మళ్లీ కట్టించాడు.

చిట్టాలో గీసిన సరిహద్దును నేలమీద గుర్తించవలసిన పని కూడా ఈ రోజులలోనే సాగింది. కర్నల్ కాలిన్ మెకంజీ మైసూరు సర్వేకు నాయకుడు. ఆయనకు కుడిభుజంగా పనిచేసినవారు ఏలూరుకు చెందిన కావలి సోదరులు. కావలి వెంకట బొర్రయ్య ఊరూరా తిరిగి శాసనాలు, కైఫియతులు, స్థానిక చరిత్రలు సేకరించాడు. 1803లో ఆయన చిన్న వయసులోనే మరణించగా తమ్ముడు లక్ష్మయ్య ఆ పని కొనసాగించాడు. 1800లో విలియం లాంబ్టన్ బెంగళూరు దగ్గర ఏడు మైళ్లకు పైగా ఉన్న ఆధారరేఖను గొలుసుతో కొలిచాడు. భారతదేశమంతటినీ త్రికోణాలతో కొలిచిన మహాసర్వేకు అది తొలి మెట్టు. ఈ పటాల వల్ల సరిహద్దులు గట్టిపడ్డాయి. నోటిమాటగా ఉన్న హద్దులు కాగితం మీద గీతలయ్యాయి.

శ్రీరంగపట్నంలో విషజ్వరాలు ఎక్కువ కావడంతో కంపెనీ తన సైన్యాన్ని 1809 నాటికి బెంగళూరుకు మార్చింది. హలసూరు చుట్టుపట్ల దండు వెలిసింది. దండుతో పాటు సిపాయిలు, వర్తకులు, మేస్త్రీలు, కూలీలు వచ్చారు. వారిలో తమిళులు, తెలుగువారు అధికం. పేటలో కన్నడ, తెలుగు వర్తకులు అంతకుముందే ఉన్నారు. సంధులు మనుషులను విడదీసిన రోజులలోనే బెంగళూరు పలు భాషలవారిని ఒకచోట చేర్చసాగింది.

కంపెనీకి ఇవ్వవలసిన సొమ్మును పూర్ణయ్య గడువు తప్పక చెల్లించాడు. సొమ్ము తప్పితే రాజ్యమే పోతుందని ఆయనకు తెలుసు. చెల్లించగా ఖజానాలో రెండు కోట్ల రూపాయలకు పైగా నిలువ చేశాడని చరిత్ర గ్రంథాలు చెబుతాయి. దీనిని మెచ్చనివారు కూడా ఉన్నారు. ప్రజల నుంచి అంత రాబట్టి ఖజానాలో దాచడం కన్నా వారి చేతిలోనే ఉండనిస్తే వ్యవసాయం, వ్యాపారం మరింత పెరిగేవని వారి వాదన. అందులోనూ నిజం లేకపోలేదు. లెక్కలలో ఆరితేరినవానికి నిలువ కనిపించినంత స్పష్టంగా రైతు ఇంటి లోటు కనిపించకపోయి ఉండవచ్చు.

1807లో ఆయనకు యళందూరు జాగీరు లభించింది. 1811 చివర కృష్ణరాజ ఒడెయర్ యుక్తవయస్కుడై పాలన చేపట్టగా పూర్ణయ్య పదవి వదిలాడు. ఆ తరువాత ఎక్కువ కాలం జీవించలేదు. 1812 మార్చిలో శ్రీరంగపట్నంలో కన్నుమూశాడు. ఆయన వంశీయుడైన పి.ఎన్. కృష్ణమూర్తి 1901 నుంచి 1906 వరకు మైసూరు దివానుగా పనిచేశాడు.

పూర్ణయ్య భయపడినది ఆయన మరణించిన పంతొమ్మిదేళ్లకు జరిగింది. 1831లో, నగర ప్రాంతంలో రైతుల తిరుగుబాటు తరువాత, 1799 సంధిలోని షరతు ఆధారంగా కంపెనీ మైసూరు పాలనను తన చేతిలోకి తీసుకొంది. ఒడెయర్ వంశానికి అది తిరిగి దక్కేసరికి 1881 వచ్చింది. యాభై ఏళ్ల పాలనను ఒక్క వాక్యం మింగివేసింది. సంధిపత్రంలో ప్రతి మాటకు ఎంత బరువుంటుందో దీనివల్ల తెలుస్తుంది.

భారతదేశం స్వతంత్రమయిన తరువాత ప్రజల భాషను బట్టి రాష్ట్రాలను ఏర్పరచారు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరులో చేరింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో చేరాయి. ఈసారి వరహాలకు బదులు ప్రజల మాటను లెక్కలోకి తీసుకొన్నారు. అయినా ఏ గీత గీసినా రెండు వైపులా రెండు భాషలవారూ మిగిలారు. శతాబ్దాలుగా కలిసి బతికిన ఊళ్లను ఏ గీతా శుభ్రంగా విడదీయలేదు.

అందుచేతనే కోలారులో, పావగడలో, బెంగళూరులో తెలుగు పిల్లలు కన్నడ నేలమీద పెరుగుతున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడి వీధిలో కన్నడం మాట్లాడతారు. పూర్ణయ్య కూడా పలు భాషల మధ్య పెరిగినవాడే. తాను పుట్టిన చోట ఒక భాష, ఇంట్లో ఒక భాష, కొలువులో మరొక భాష. ఒక రాజ్యం ముక్కలవుతున్న వేళ ఆయన ఆ భాషలన్నిటితో లెక్కలు చూసి, మిగిలినదానిని నిలబెట్టాడు. ఆయనను పొగిడేవారు ఉన్నారు. తప్పుపట్టేవారు ఉన్నారు. కావేరి మీద ఆయన కట్టించిన వంతెన మాత్రం ఆ మాటలేవీ పట్టించుకోకుండా తరతరాల బాటసారులను ఒక ఒడ్డునుంచి మరొక ఒడ్డుకు చేర్చింది.